చిన్న ఇంజనుకు పెద్ద బలము

మన కళాశాల ద్వారము ప్రక్కన గోడకు అంటించిన ప్రకటనను ఈ సంచిక చదువు వారందరు చూచియే యుందురు. సైలెన్సరు మార్చిన మోటారు సైకిళ్ళకు ఆవరణలో ప్రవేశము లేదని దాని సారాంశము. ప్రకటన ఉర్దూలోను తెలుగులోను ఉన్నది. విద్యార్థులు రెండు భాషలలోను చదివిరి, రెండు భాషలలోను విసుగుకొనిరి. నేను ఆ నిషేధమును సమర్థించు వాడనే. కిటికీ క్రిందుగా ఒక బండి టపటప పేలుచు పోవుచుండగా నల్లబల్ల ముందు నిలిచి పాఠము చెప్పుట ఎట్టిదో అనుభవించిన వారికే తెలియును. అయినను ఆ కాగితముతో పని ముగిసినదని కమిటీ పెద్దలు తలంచినచో అది పొరపాటని నా మనవి.

ప్రకటన వెలువడిన మూడవ నాడు ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు ప్రయోగశాలకు వచ్చి నెమ్మదిగా అడిగెను: "సార్, సైలెన్సర్ మారిస్తే అసలు ఎన్ని హార్స్ పవర్ పెరుగుతుంది?" అప్పటికే అతడు మార్పించియున్నాడు. దానికి పెట్టిన డబ్బు రెండు సెమిస్టర్ల పరీక్ష ఫీజు కన్న ఎక్కువ. బండి అతని తండ్రిది. ఉదయము వేళ తండ్రి దానిపై బట్టల మూటలు పెట్టుకొని చుట్టుప్రక్కల గ్రామములు తిరుగును. సొమ్ము ఇచ్చిన తరువాత అడిగిన ఆ ప్రశ్న, సొమ్ము ఇవ్వక ముందు అడుగవలసినది. అడుగుటకు అతనికి చోటు లేకపోయినది. ఈ వ్యాసమునకు కారణము అదియే.

మన విద్యార్థులలో ఎక్కువ మంది యొద్ద నున్నది నూరు సి.సి. నాలుగు స్ట్రోకుల బండి. హీరో హోండా వారు 1985లో సి.డి. 100తో ప్రారంభించి, 1994లో స్ప్లెండరుతో ఊరూరికి చేర్చిన ఇంజను ఇది. సిలిండరు లోపలి వ్యాసము 50 మిల్లీమీటర్లు, పిస్టను నడక 49.5 మిల్లీమీటర్లు. వృత్త వైశాల్యమును నడకతో గుణించినచో 97.2 ఘన సెంటీమీటర్లు వచ్చును. నిమిషమునకు 8,000 చుట్ల యొద్ద అది ఇచ్చు శక్తి సుమారు ఏడున్నర హార్స్ పవరు. మిక్కిలి మర్యాదగల యంత్రము. తక్కువ పెట్రోలు త్రాగును, ఎక్కువ మాట్లాడదు. దానిని పందెపు గుర్రముగ మార్చవలెనన్న కోరిక యౌవనమునకు సహజము. దానిని నేను తప్పు పట్టను.

ఇంజను బలము పెరుగుటకు దారులు మూడే కలవు. ప్రతి పర్యాయము సిలిండరులోనికి ఎక్కువ గాలిని, దానికి తగినంత పెట్రోలును చేర్చుట ఒకటి. చేరిన దానిని మెరుగుగ మండించి పిండుకొనుట రెండవది. నిమిషమునకు ఎక్కువ సార్లు మండించుట మూడవది. ఏ మిస్త్రీ ఏ పేరుతో ఏ సామాను అమ్మినను, ఈ మూడింటిలో అది దేనికి చెందునో అడుగవలెను. దేనికిని చెందనిచో అది అలంకారము.

అన్నిటికంటె ముందు, చౌకగ దొరకు బలము ఒకటి కలదు. అది ఇంజను పుట్టినప్పుడు ఉండి నడుమ పోయిన బలము. పది పన్నెండేండ్లు తిరిగిన బండి ఏడున్నర హార్స్ పవరును ఇచ్చుచున్నదని ఎవరు చెప్పిరి? రింగులు అరిగి, వాల్వులు సరిగ కూర్చొనక, గాలి వడపోత దుమ్ముతో మూసుకొని, గొలుసు ఎండి, వెనుక బ్రేకు చెక్కకు రాచుకొనుచు నడచు బండి తన శక్తిలో గణనీయమైన భాగమును దారిలోనే పారవేయుచుండును. దానికి క్రొత్త సామాను తగిలించుట చిల్లి కుండను పెద్దది చేయించుట వంటిది.

కాబట్టి మొదటి పరీక్షకు ఖర్చే లేదు. బండిని నడిమి స్టాండుపై నిలిపి, గేరు తీసి, వెనుక చక్రమును చేతితో త్రిప్పి చూడుడు. రెండు మూడు చుట్లు తిరుగక ఆగినచో లోపము ఇంజనులో కాదు, బ్రేకులోనో గొలుసులోనో బేరింగులోనో కలదు. టైర్లలో గాలి చూడుడు. పిదప ప్లగ్గు విప్పి, ఆ రంధ్రములో కంప్రెషను గేజి పెట్టి, యాక్సిలరేటరు పూర్తిగ తెరచి కిక్కు కొట్టుడు. అంకె తక్కువగ నున్నచో అదే రంధ్రము గుండ ఒక చెంచా ఇంజను నూనె పోసి మరల కొట్టుడు. అంకె పెరిగినచో నూనె రింగుల సందును తాత్కాలికముగ మూసినదన్నమాట, కనుక రింగులు గాని బోరు గాని అరిగినవి. పెరుగనిచో గాలి పోవుచున్నది వాల్వుల గుండ. ఒక చెంచా నూనెతో రోగము ఏ గదిలో నున్నదో తెలిసిపోవును. ఇంతకంటె చక్కని భౌతిక శాస్త్ర ప్రయోగమును నేను మా పాఠ్య ప్రణాళికలో చూడలేదు.

వాల్వులలో లోపమున్నచో హెడ్డు విప్పి, గ్రైండింగు పేస్టుతో వాల్వును దాని సీటుపై చేతితో త్రిప్పుచు నూరుటయే చికిత్స. సీటు చుట్టును సన్నని బూడిదరంగు వలయము తెగక కనబడువరకు నూరవలెను. పిదప పోర్టులో కొంచెము పెట్రోలు పోసి చూడవలెను. వాల్వు ప్రక్కల నుండి చెమ్మ కారకున్న పని కుదిరినది. పేస్టు రేణువు ఒక్కటియు లోపల మిగులకుండ కడుగుట మరువరాదు. ఈ పనికి కావలసినది డబ్బు కాదు, ఓపిక. ఒక మధ్యాహ్నము చాలును.

హెడ్డు విప్పినప్పుడే కార్బురేటరును హెడ్డుకు కలుపు గొట్టము, దాని గాస్కెట్టు, పోర్టు రంధ్రము ఒకదానితో నొకటి సరిగ కలియుచున్నవో లేదో వ్రేలు పెట్టి చూడవలెను. పెక్కు బండ్లలో ఆ అతుకు యొద్ద చిన్న మెట్టు తగులును. ఆకురాయితో ఆ మెట్టును, పోత పోసినప్పుడు మిగిలిన గరుకును తీసివేసినచో గాలి తడబడక పోవును. అంతటితో ఆగవలెను. రంధ్రమును పెద్దది చేసినకొలది బలము వచ్చునని ఆకురాయి చేతబట్టిన వానికి తోచును. కాని రంధ్రము వెడల్పైనచో తక్కువ చుట్ల యొద్ద గాలి వేగము తగ్గి, పెట్రోలు సరిగ కలియక, ఊరిలో నడుపు వేళ బండి మరింత మందగించును. అద్దమువలె మెరుగు పెట్టుటయు వృథాశ్రమ.

ఇక యువకులకు ప్రీతిపాత్రమైన చికిత్స హెడ్డు చెక్కించుట. హెడ్డును లేతుపై అర మిల్లీమీటరు చెక్కించినచో కంప్రెషను పెరిగి బండి దూకునని వాడుక. దూకునో లేదో లెక్క వేయుదము. కంప్రెషను నిష్పత్తి 9 అనుకొన్నచో, పిస్టను పైకొసనున్నప్పుడు మిగులు ఖాళీ 97.2ను 8తో భాగించినంత, అనగ 12.15 ఘన సెంటీమీటర్లు. అర మిల్లీమీటరు చెక్కినచో, ఆ గది నోరు పూర్తి బోరంత వెడల్పైనదనుకొన్నను, తగ్గునది 0.98 ఘన సెంటీమీటర్లు. నిష్పత్తి 9 నుండి 9.7కు పెరుగును. ఆటో చక్రమునకు మనము తరగతిలో నేర్చిన సూత్రములో ఈ అంకెలను వేసినచో ఆదర్శ సామర్థ్యము 58.5 శాతము నుండి 59.7 శాతమునకు చేరును. ఏడున్నర హార్స్ పవరుపై ఈ లాభము సుమారు 0.15 హార్స్ పవరు.

ఆ పిసరంత లాభమునకు చెల్లింపు ఏమి? హెడ్డు క్రిందికి దిగినందున పైనున్న క్యాము గొలుసు వదులై, వాల్వులు తెరచుకొను సమయము కొంత ఆలస్యమగును. వాల్వుకు పిస్టనుకు నడుమ దూరము తగ్గును. పెట్రోలు మంట అంటుకొనక ముందే వేడికి తానై ప్రేలు ప్రమాదము, అనగ మెకానిక్కులు నాకింగు అను దోషము, దగ్గరపడును. గాలితో చల్లబడు చిన్న ఇంజను వేసవి మధ్యాహ్నము ఇద్దరిని ఎక్కించుకొని ఎత్తెక్కునప్పుడు ఈ ప్రమాదము మరింత. హెడ్డు వంగియున్నచో సమతలము చేయుటకు చెక్కించుట న్యాయమే. బలము కొరకు చెక్కించుట నా అభిప్రాయములో చెడ్డ బేరము.

బోరు మాట వేరు. అరిగిన సిలిండరును ఎటులను బోరు చేయించి పెద్ద పిస్టను వేయవలసినదే. వ్యాసము 50 నుండి 51 మిల్లీమీటర్లైనచో ఘనపరిమాణము 101 సి.సి. అగును, సుమారు నాలుగు శాతము లాభము, అదియు తప్పని మరమ్మతులోనే ఉచితముగ వచ్చినది. అంతకంటె వెడల్పు చేసినచో గోడ పలుచబడును. బోరు పని చేతిలో కొలత పరికరమున్న వాని యొద్దనే చేయించవలెను. పిస్టనుకు గోడకు నడుమ సందు వెండ్రుక మందముకన్న తక్కువ; అది ఎక్కువైన పొగ, తక్కువైన పిస్టను పట్టివేత.

మా వీధిలో నలుబది ఏండ్లుగ ఇంజనులు విప్పుచున్న ఒక ఉస్తాదు కలడు. ఆయనకు నేను మైక్రోమీటరు చూపినప్పుడు నవ్వి ఇట్లనెను: "సార్, మీ సందు అంకెలో ఉంటుంది, నా సందు బొటనవేలులో ఉంటుంది." ఆయన బొటనవ్రేలిని నేను నమ్ముదును. అయితే ఆ బొటనవ్రేలు ఆయనతోనే పోవును. అంకె పుస్తకములో నిలిచి మరొకనికి చేరును. ఈ రెండు విద్యలు ఒక బల్ల యొద్ద కూర్చొనక పోవుటయే మన కొరత.

ఎక్కువ చుట్లు త్రిప్పుట మూడవ దారి అంటిని. 8,000 చుట్ల ఇంజనును 10,000 త్రిప్పినచో పిస్టనును ప్రతి కొసలో ఆపి మరల్చు బలము చుట్ల వర్గమును బట్టి, అనగ 56 శాతము పెరుగును. ఆ భారమంతయు కనెక్టింగు రాడు, దాని బేరింగు, వాల్వు స్ప్రింగులు మోయవలెను. పైపెచ్చు అన్ని చుట్ల యొద్ద ఊపిరి పీల్చుకొను క్యాము, కార్బురేటరు లేనిచో బలము పెరుగదు, రొద పెరుగును. స్వల్ప ధనము గలవాడు ఈ దారి త్రొక్కరాదు.

ఇప్పుడు సైలెన్సరు సంగతి. శబ్దము బలమునకు గుర్తన్న భ్రమ ఎంతో గాఢమైనది. ఒక మీటరు దూరములో చెవులు గింగురుమను 110 డెసిబెళ్ళ శబ్దము వెలువరించు యంత్రము ధ్వనిరూపమున విడుచు శక్తి ఒకటి రెండు వాట్లే. ఒక హార్స్ పవరు 746 వాట్లు. వీధి మొత్తమును నిద్ర లేపు ఆ మ్రోత హార్స్ పవరు ముందు లెక్కకు రాని పిసరు. నాలుగు స్ట్రోకుల చిన్న బండిలో సైలెన్సరు లోపలి గొట్టమును పీకివేసినచో, కార్బురేటరు జెట్టు మార్చనందున మిశ్రమము పలుచబడి, వేగము తగ్గించునపుడు టపటప పేలుట తప్ప, గడియారముతో కొలువదగిన లాభము నేనెన్నడు చూడలేదు.

రెండు స్ట్రోకుల ఇంజనులో ఆ గొట్టమునకు మరింత గొప్ప స్థానము కలదు. దాని చరిత్ర చెప్పక ముందుకు పోజాలను. తూర్పు జర్మనీలోని చోపౌ పట్టణమున ఎం.జెడ్. అను మోటారు సైకిళ్ళ కర్మాగారములో వాల్టర్ కాడెన్ అను ఇంజనీరు 1953 నుండి పందెపు విభాగమును నడిపెను. యుద్ధానంతరము ఆ దేశములో మంచి లోహములకు కరవు, విదేశీ ద్రవ్యమునకు కరవు. ఆయన చేతిలో నున్నది 125 సి.సి. ఒంటి సిలిండరు ఇంజను. డబ్బు లేనందున ఆయన లోహమును గాక గాలిని మలచెను.

కాలిన వాయువు పోర్టు నుండి వెలువడినపుడు ఒక ఒత్తిడి అల గొట్టములో పరుగిడును. గొట్టము క్రమముగ వెడల్పగు చోట ఆ అల పీల్పు అలగ మారి వెనుకకు వచ్చి సిలిండరులోని మసిని లాగి, క్రొత్త మిశ్రమమునకు దారి యిచ్చును. గొట్టము మరల సన్నబడు చోట తగిలిన అల ఒత్తిడి అలగనే తిరిగివచ్చి, బయటికి జారిన క్రొత్త మిశ్రమమును పోర్టు మూసుకొను లోపల సిలిండరులోనికి నెట్టును. రేకుతో చేసిన శంఖువు, కదలు భాగము ఒక్కటియు లేకయే, పంపు చేయు పనిని చేయుచున్నది. కాడెన్ ఆసిలోస్కోపుపై ఈ అలలను చూచి గొట్టముల కొలతలు దిద్దెను. జిమ్మర్మాన్ అను నతడు చూపిన తిరుగు రేకు వాల్వును వాడుకొనెను, లోనికి పంపు దారులకు మరొక దారి చేర్చెను. 1961 నాటికి ఆ 125 సి.సి. ఇంజను 10,800 చుట్ల యొద్ద 25 హార్స్ పవరు నిచ్చినది. లీటరుకు 200 హార్స్ పవరు. అంతవరకు అతి పీడనమును కృత్రిమముగ కల్పింపని ఏ ఇంజనును ఆ అంకెను ముట్టలేదు.

అదే సంవత్సరము ఆయన పందెగాడు ఎర్నెస్ట్ డెగ్నర్ ప్రపంచ విజేత కాగల స్థితిలో నుండి, స్వీడన్ పందెము నాడు దేశము విడిచి పారిపోయెను. ఆ విద్యతో జపాను సుజుకీ కంపెనీని చేరెను. మరుసటి సంవత్సరము, 1962లో, 50 సి.సి. తరగతి ప్రపంచ విజేత సుజుకీపై డెగ్నరే. కాడెన్ మాత్రము చోపౌలోనే మిగిలెను. తన గొట్టపు రహస్యము ప్రపంచమంతటి కర్మాగారములకు వ్యాపించుట చూచి, 1996లో మరణించెను.

మన దేశములో 1985 నుండి 1996 వరకు తయారైన యమహా ఆర్.ఎక్స్. 100 బండి క్రింద వ్రేలాడిన సైలెన్సరును చూచినవారు దానిలో ఆ శంఖువును గుర్తింపవచ్చును. 50 మిల్లీమీటర్ల బోరు, 50 మిల్లీమీటర్ల నడక, 98 సి.సి., సుమారు 11 హార్స్ పవరు. నిమిషమునకు 7,500 చుట్ల యొద్ద ఒక చుట్టుకు పట్టు కాలము 8 మిల్లీ సెకండ్లు. అందులో సగము సేపు పోర్టు తెరచియుండుననుకొనుడు. వేడి వాయువులో అల వేగము సెకండుకు సుమారు 500 మీటర్లు. నాలుగు మిల్లీ సెకండ్లలో అల పోయి రాగల దూరము రెండు మీటర్లు, కనుక గొట్టము సుమారు మీటరు పొడవులోపల ఉండవలెను. ఇంటర్మీడియట్ విద్యార్థి వేయగల లెక్క ఇది. దీనిని కోసి పొట్టిచేసి "ఫ్రీ ఫ్లో" అని అమ్మువాడు పంపునే కోసి అమ్ముచున్నాడు.

ఈ లెక్క నాకు అప్పుడే తెలిసియుండిన బాగుండెడిది. 1989లో ఆరు నెలల ట్యూషను డబ్బుతో పాత నూరు సి.సి. రెండు స్ట్రోకుల బండి యొకటి కొంటిని. దాని పోర్టును చేతి ఆకురాయితో పైకి పెంచితిని, హెడ్డు చెక్కించితిని, సైలెన్సరు లోపలి గొట్టము తీసివేసితిని. జెట్టు మార్చవలెనని ఎవరును చెప్పలేదు, నేనును అడుగలేదు. మొదటి వారము బండి అద్భుతముగ పోయినది. పలుచని మిశ్రమము ఎక్కువ వేడి పుట్టించుననియు, ఆ వేడికి అల్యూమినియము పిస్టను ఇనుప సిలిండరు కన్న త్వరగ ఉబ్బుననియు పుస్తకములో చదివియే యుంటిని. రెండును కలిపి ఆలోచింపలేదు. ఎనిమిదవ నాడు పెద్ద రోడ్డుపై, వెనుక నా తమ్ముడు కూర్చొనియుండగా, పిస్టను పట్టివేసినది. వెనుక చక్రము ఒక్కసారిగ బిగిసినది. క్లచ్చి నొక్కవలెనన్న జ్ఞానము వచ్చులోపల ఇద్దరము రోడ్డుపై నుంటిమి. నాకు చర్మము లేచిపోయినది. తమ్మునికి మెడ ఎముక విరిగినది. ఆ సంవత్సరము వాడు పరీక్ష వ్రాయలేదు. మా అమ్మ నన్నేమియు అనలేదు. ఇప్పటికిని రెండు స్ట్రోకుల బండి ఎక్కినచో నా ఎడమ చేతి రెండు వ్రేళ్ళు క్లచ్చిపైననే యుండును.

ఆ లేతు పని చేసినవానిని నేను నిందించుట లేదు. అతడు నేను చెప్పిన కొలతకే చెక్కెను.

వేగముపై ఆశ గలవారు మరొక లెక్క కూడ చూడవలెను. పెద్ద వేగములలో గాలి నిరోధమును దాటుటకు కావలసిన శక్తి వేగపు ఘనమును బట్టి పెరుగును. గంటకు 80 కిలోమీటర్లు పోవు బండి 100 పోవలెనన్న 1.25ను మూడు సార్లు గుణించినంత, అనగ సుమారు రెండింతల శక్తి కావలెను. ఎంతో శ్రమపడి బలమును పదిహేను శాతము పెంచినచో 80 కాస్త 84 అగును. మరి ఆపుటకు? 80 నుండి 100కు పోయినచో బ్రేకులు మ్రింగవలసిన శక్తి 56 శాతము పెరుగును. బండికి నున్నది ఆ 130 మిల్లీమీటర్ల డ్రమ్ము బ్రేకే. బలము పెంచుకొనదలచిన వాడు మొదటి రూపాయిని బ్రేకు చెక్కలకు, రెండవ దానిని టైరుకు ఖర్చు చేయవలెనని నా పట్టు. ఈ మాట విద్యార్థులకు రుచింపదని ఎరుగుదును.

ఎక్కువ మందికి నిజముగ కావలసినది పై వేగము కాదు; ఎత్తెక్కునపుడు, బరువు మోయునపుడు లాగు పట్టు. ముందు 14 పండ్ల స్ప్రాకెట్టు గల బండికి 13 పండ్లది వేసినచో ప్రతి గేరులోను చక్రము యొద్ద పట్టు 7.7 శాతము పెరుగును. ఇంజనును ముట్టుకొన్న పని లేదు. పై వేగము కొంత తగ్గును, పెట్రోలు కొంత ఎక్కువ త్రాగును. నచ్చనిచో పాతదే మరల బిగించవచ్చును. బట్టల మూటలు మోయు ఆ తండ్రికి పనికివచ్చు మార్పేదైన ఉన్నచో ఇది యొక్కటే.

చట్టము విషయము క్లుప్తముగ చెప్పెదను. మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్దేశించిన లక్షణములకు భిన్నముగ బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ విషయమును గట్టిగ చెప్పినది. అదే సంవత్సరపు సవరణతో అట్టి మార్పునకు యజమానికి ఆరు నెలల వరకు ఖైదు గాని, ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. గమనింపుడు: యజమాని. ఆ కుర్రవాని బండికి యజమాని అతని తండ్రి.

కాలము కూడ మారినది. 2020 ఏప్రిలు నుండి అమ్ముడగుచున్న బి.ఎస్. 6 బండ్లలో సాధారణముగ కార్బురేటరు లేదు. ఎంత పెట్రోలు చిమ్మవలెనో చిన్న కంప్యూటరు నిర్ణయించును. జెట్టు మార్చు విద్య వాటికి వర్తించదు. 2025 నాటికి దేశములో పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. ఇథనాలులో ఆక్సిజను ఉన్నందున పాత కార్బురేటరు బండ్లలో మిశ్రమము సహజముగనే పలుచబడును. కొన్ని పాత రబ్బరు గొట్టములు, వాషర్లు చెడిపోవును. అనగ నిన్నటి మిస్త్రీ విద్యను అట్లే వల్లించినను చాలదు. ఎవరైన కూర్చొని మరల లెక్క వేయవలెను. ఆ లెక్క వేయవలసినది కళాశాల కాకున్న మరెవరు?

మిత్రులైన ఒక ఉపన్యాసకులు నాతో వాదించుచు, ఇవన్నియు ఐ.టి.ఐ. వారి పనులు, డిగ్రీ కళాశాలకు తగవనిరి. ఆ మాటలో నాకు కొంచెము కులాసా వాసన తగిలినది. కాడెన్ చేసినది ఐ.టి.ఐ. పనియా, భౌతిక శాస్త్రమా? అమెరికాలో 1976లో మొదలై, మన దేశములో 2007 నుండి జరుగుచున్న బాహా పోటీలలో ఇంజనీరింగు విద్యార్థులు స్వయముగ బండ్లు కట్టుదురు. చాల ఏండ్ల పాటు అందరికిని ఇచ్చినది ఒకే రకపు 10 హార్స్ పవరు ఒంటి సిలిండరు ఇంజను. దానిని మార్చుట నిషిద్ధము. బలము అందరికి సమానమైనపుడు గెలుపు బరువు తగ్గించుటలోను, గేర్లను కుదుర్చుటలోను, లెక్కలోను నిలిచినది. నిషేధము అచ్చటను ఉన్నది. అయితే ఆ నిషేధము ప్రక్కన ఒక పనిబల్ల కూడ ఉన్నది.

కొలుచుటకు మహా యంత్రములు కావలెనని భయపడ నక్కరలేదు. బండియు మనిషియు కలిసి 170 కిలోలనుకొనుడు. జనము లేని చదునైన దారిపై రెండవ గేరులో 20 నుండి 40 కిలోమీటర్ల వేగమునకు చేరుటకు 4 సెకండ్లు పట్టినదనుకొనుడు. పెరిగిన గతిజ శక్తి సుమారు 7,870 జౌళ్ళు. కాలముతో భాగించిన 1,970 వాట్లు. మార్పు చేసిన పిదప 3.8 సెకండ్లైనచో 2,070 వాట్లు. లాభము 100 వాట్లు. అదే మనిషి, అదే దారి, అదే గేరు, ఎదురు దిశలో కూడ ఒకసారి, కనీసము ఐదేసి పర్యాయములు. ఈ పద్ధతితో ఆ ద్వితీయ సంవత్సరపు విద్యార్థి బండినే పాత సైలెన్సరుతోను క్రొత్త దానితోను కొలిచితిమి. రెండింటికి నడుమ తేడా మా చేతి గడియారపు పొరపాటు కన్న తక్కువగ నుండెను. అతడు చాల సేపు కాగితము వంక చూచి, "సార్, నాన్నకు చెప్పకండి" అనెను. పాత సైలెన్సరును అతడే బిగించుకొనెను.

కాబట్టి కమిటీ పెద్దలకు నా ప్రార్థన ఇది. ద్వారము యొద్ద ప్రకటన ఉండనిండు. ప్రయోగశాల వెనుక తుక్కు బల్లలు నింపిన గది యొకటి కలదు. దానిని ఖాళీ చేయించి ఇప్పించుడు. రాణిగంజిలోనో, విజయవాడ ఆటోనగరులోనో తుక్కు ధరకు దొరకు నూరు సి.సి. ఇంజను ఒకటి, కంప్రెషను గేజి ఒకటి, మైక్రోమీటరు ఒకటి, స్పానర్ల పెట్టె ఒకటి చాలును. గౌరవ వేతనమేదైన ఇచ్చి ఆ ఉస్తాదును వారమునకొక మధ్యాహ్నము రమ్మని పిలువవలెను. వచ్చెదనని ఆయన మాట యిచ్చియున్నాడు. ఆయన చెప్పునది ఉర్దూలోను తెలుగులోను వ్రాసికొనుటకు ఇద్దరు విద్యార్థులు ఇప్పటికే పేర్లిచ్చిరి. అందులో ఒకడు ఎవరో వేరుగ చెప్పనక్కరలేదు. గదికి కిటికీ ఒకటే యున్నది. పెట్రోలు ఆవిరి పోవుటకు ఎదుటి గోడకు మరొకటి తెరువవలెను. ఇసుక బకెట్లు రెండు మా ప్రయోగశాల నుండి ఇచ్చెదము.